పక్కటెముకల దాకా వచ్చే కంప్రెషన్ టైట్స్: నడిచి బరువు తగ్గినవారి వదులు చర్మానికి ఇవి ఏ మేరకు పనికొస్తాయి

పక్కటెముకల కింది అంచు నుంచి చీలమండల వరకు ఒంటిని పట్టి ఉంచే కంప్రెషన్ టైట్స్‌ను, చాలా బరువు తగ్గాక మిగిలిపోయిన వదులు చర్మంతో రోజూ నడిచే వ్యక్తి దృష్టితో ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఈ దుస్తుల మీద పరుగు పందేల వారి కోసం, ఆటగాళ్ల కోసం రాసిన సమీక్షలు చాలానే ఉన్నాయి. వాటిలో కండరాల అలసట గురించి, వేగం గురించి, కనిపించే తీరు గురించి ఎంతో వివరం ఉంటుంది కానీ, పొట్ట కింద మడత పడి వేలాడే చర్మం గురించి, తొడల లోపలి వైపు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చర్మం గురించి ఒక్క వాక్యమైనా ఉండటం అరుదు. నడకనే ప్రధాన సాధనంగా చేసుకుని శరీర బరువులో దాదాపు మూడో వంతు తగ్గించుకున్న నాకు ఈ దుస్తులతో ఉన్న అవసరం ఒక్కటే: అడుగు వేసినప్పుడల్లా ఊగి, లాగి, ఒరిసి పుండు పడే చర్మాన్ని ఒంటికి ఆనించి ఉంచాలి. ఆ పనిని ఇవి చాలా బాగా చేస్తాయి. అంతకు మించి పెట్టె మీద రాసిన మాటలను మాత్రం నమ్మి కొనవద్దని మొదటే చెబుతున్నాను.

ఆ మాటల్లో ముఖ్యమైనది, క్రమం తప్పకుండా ధరిస్తే చర్మం తిరిగి బిగువుగా మారుతుందన్న హామీ. ఇది ఎందుకు జరగదో తెలుసుకోవాలంటే చర్మం లోపలి నిర్మాణాన్ని కొంచెం చూడాలి. పైకి కనిపించే పలుచని పొర కింద ఉండే మందమైన పొరలో కొల్లాజెన్ పోగులు చర్మానికి బలాన్ని ఇస్తాయి, ఎలాస్టిన్ పోగులు సాగిన చర్మాన్ని వెనక్కి లాగుతాయి. ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం పుట్టుకకు ముందు, బాల్యంలో తయారైపోతుంది. పెద్దయ్యాక శరీరం కొత్తగా తయారు చేసుకునేది చాలా తక్కువ. ఏళ్ల తరబడి పెరిగిన కొవ్వు చుట్టూ సాగి ఉన్న చర్మంలో ఈ పోగులు దెబ్బతింటాయి, కింది కొవ్వు కరిగిపోయినా అవి పూర్వపు అమరికకు తిరిగి రావు. ఎంత చర్మం మిగులుతుందన్నది తగ్గిన బరువును బట్టి, ఆ బరువు ఒంటి మీద ఎన్నేళ్లు ఉందన్నదాన్ని బట్టి, వయసును, వంశాన్ని బట్టి, ఎండకు గురైన తీరును, పొగతాగే అలవాటును, గర్భధారణలను బట్టి మారుతుంది. మెల్లగా తగ్గితే చర్మం వదులు కాదని ధైర్యం చెప్పేవారు ఉంటారు. నడకతో తగ్గే బరువు మెల్లగానే తగ్గుతుంది, అయినా నలభై, యాభై కిలోలు తగ్గినవారిలో చాలామందికి చర్మం మిగిలిపోతూనే ఉంది. ఇందులో వారి లోపం ఏమీ లేదని, ఇంకొంచెం శ్రద్ధ పెట్టి ఉంటే ఇలా అయ్యేది కాదన్న మాట వారి మనసును అనవసరంగా గాయపరుస్తుందని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. బయటి నుంచి ఎంత బిగించి కట్టినా బట్ట ఈ పోగులను బాగు చేయలేదు. విప్పిన మరుక్షణం చర్మం తన చోటికి తాను జారుతుంది.

అయితే ఈ దుస్తుల విలువ అసలు వేరే చోట ఉంది. బరువు తగ్గడానికి నడక ఎంత అవసరమో, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండటానికి అంతకన్నా ఎక్కువ అవసరం. తేలికపడిన శరీరం అదే దూరానికి మునుపటి కన్నా తక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది కాబట్టి లెక్క సరిపోవాలంటే నడక తగ్గడానికి వీల్లేదు. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, కనీసం 30 పౌండ్లు, అంటే దాదాపు 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా ఆ బరువును నిలుపుకున్నవారి అలవాట్లను నమోదు చేస్తున్నారు. వారిలో ఎక్కువమంది రోజుకు సగటున గంట సేపు వ్యాయామం చేస్తున్నట్టు, వారు ఎంచుకున్న వ్యాయామాల్లో నడకే ముందున్నట్టు అందులో తేలింది. సరిగ్గా ఈ దశలోనే వదులు చర్మం నడకకు అడ్డుపడుతుంది. కొవ్వు నిండి ఉన్నప్పుడు పొట్ట ఒక గట్టి ముద్దలా శరీరంతో పాటు కదిలేది, ఖాళీ అయిన తరువాత ఆ చర్మం శరీరం కదలికకు ఒక క్షణం వెనకబడి ఊగుతుంది, నడక వేగం పెరిగేకొద్దీ పొత్తికడుపును కిందికి లాగుతుంది, గజ్జల దగ్గర ఒరుసుకుంటుంది. బరువు ఎక్కువగా ఉన్న రోజుల్లో నడవలేక ఆగిపోయినవారి కన్నా, బరువు తగ్గాక ఈ ఒరిపిడిని భరించలేక నడక తగ్గించుకున్నవారి బాధ నన్ను ఎక్కువగా కలచివేస్తుంది, ఎందుకంటే వారు కష్టమైన భాగాన్ని దాటి వచ్చినవారు.

ఈ టైట్స్‌తో పాటు నేను మరో రెండింటిని కూడా వాడి చూశాను. మామూలు వ్యాయామ లెగ్గింగ్స్ తొడల ఒరిపిడిని ఆపుతాయి కానీ వాటి నడుంపట్టీ బొడ్డు దగ్గరో, దానికి కొంచెం కిందనో ఆగుతుంది. మడత సరిగ్గా ఆ పట్టీ మీదుగా బయటికి పొర్లుతుంది, కొద్ది దూరం నడిచేసరికి పట్టీ చుట్ట చుట్టుకుని మడత కిందికి దిగిపోతుంది, దాంతో ఉన్న ఒరిపిడికి పట్టీ అంచు ఒరిపిడి కూడా తోడవుతుంది. వెల్‌క్రోతో బిగించే పొట్ట పట్టీ మడతను బాగానే ఎత్తి పడుతుంది, ఎంత బిగించాలన్నది మన చేతిలో ఉంటుంది, కానీ నడకకు అది తగిన వస్తువు కాదు. కూర్చున్నప్పుడు సరిగ్గా ఉన్న పట్టీ నడుస్తున్నప్పుడు పైకి ఎక్కుతుంది, చెమటను పీల్చుకోదు, అంచులు పక్కటెముకల మీద గుచ్చుకుంటాయి. పైగా తొడల గురించి అది చేయగలిగింది ఏమీ లేదు. పక్కటెముకల దాకా వచ్చే టైట్స్‌లో నడుము, పొట్ట, తుంటి, తొడ ఒకే అల్లికలో ఉంటాయి కనుక ఒక చోట పడిన లాగుడు మిగతా అంతటా పంచుకుపోతుంది, ఏ ఒక్క అంచూ మడతలోకి కోసుకోదు. మిగిలిన రెండింటి కన్నా ఇవి మేలని నేను అనడానికి ప్రధాన కారణం ఇదే.

బట్ట విషయానికి వస్తే, నేను వాడుతున్న జత నైలాన్, స్పాండెక్స్ మిశ్రమం. స్పాండెక్స్ దారాన్ని డ్యుపాంట్ సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ 1958లో రూపొందించారు. ఐదు రెట్లకు పైగా సాగి కూడా వదిలిన వెంటనే అసలు పొడవుకు తిరిగి వచ్చే గుణం దానిది. మన చర్మం కోల్పోయిన గుణాన్ని బయటి నుంచి అరువు తెచ్చుకుంటున్నామన్న ఆలోచన నాకు ఈ దుస్తుల మీద ఒక రకమైన గౌరవాన్ని కలిగించింది. స్పాండెక్స్ పాళ్లు మరీ తక్కువగా ఉన్న బట్ట ఉదయం బిగువుగా ఉండి నడక ముగిసేలోగా సాగిపోతుంది, అందుకే కొనే ముందు చీటీ చూసి కనీసం ఐదో వంతు స్పాండెక్స్ ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది. రెండు చేతులతో అడ్డంగానూ నిలువుగానూ లాగి చూడాలి, వదలగానే ముడత లేకుండా వెనక్కి రావాలి, లాగినప్పుడు అవతలి వెలుతురు కనిపించకూడదు. పొట్ట భాగంలో రెండు పొరల బట్ట ఉన్న రకాలు ఒకే పొర ఉన్నవాటి కన్నా మడతను స్పష్టంగా మెరుగ్గా పట్టి ఉంచుతాయి. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు ఆ రెండో పొర ఇబ్బంది పెడుతుందన్నది నిజమే, అయినా నేను ఆ ఇబ్బందినే ఎంచుకుంటాను. కుట్లు తొడ లోపలి వైపు నిలువుగా ఉన్న జతను మాత్రం ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. అక్కడ చర్మం పలుచగా, వదులుగా ఉంటుంది, ఉబ్బెత్తు కుట్టు దాన్ని గంటలోపే ఎర్రబరుస్తుంది. కుట్టు పక్కకు జరిపి, గజ్జల దగ్గర వేరే ముక్క అతికి, అతుకులన్నీ చదునుగా కుట్టిన జతలే మనకు పనికొస్తాయి.

కొలత దగ్గరే ఎక్కువమంది నిరాశపడతారు, అందులో తప్పు తయారీదారుల పట్టికలదే. ఆ పట్టికలు నడుము, తుంటి కొలతలను గట్టి శరీరానికి వేసినవి. వదులు చర్మం ఉన్నవారికి నిలబడి కొలిస్తే ఒక అంకె, వెల్లకిలా పడుకుని కొలిస్తే మరో అంకె వస్తాయి. మడత మీదుగా టేపు పెడితే ఒకటి, మడతను ఎత్తి దాని కింద పెడితే ఇంకొకటి. నిలబడి, మడతను అరచేత్తో పైకి ఎత్తి ఒంటికి ఆనించి పట్టుకుని, అలా ఉన్నప్పుడు వచ్చిన కొలతతో ఎంచుకున్న సైజు నాకు సరిపోయింది, ఎందుకంటే దుస్తులు వేసుకున్నాక చర్మం ఉండబోయేది ఆ స్థితిలోనే. రెండు సైజుల మధ్య పడినప్పుడు పెద్దదే తీసుకోవాలి. బిగువు ఎక్కువైతే ఫలితం ఎక్కువ అవుతుందన్న భావన ఈ దుస్తుల విషయంలో పూర్తిగా తప్పు: చిన్న సైజులో చర్మానికి పోవడానికి చోటు ఉండదు, అది పై అంచు నుంచి పొర్లుతుంది, అక్కడే ఒరిపిడి మొదలవుతుంది.

వేసుకునే పద్ధతి కూడా కొలతంత ముఖ్యమైనది. నిలబడి మామూలు ప్యాంటులా పైకి లాగితే మడత కిందికి వేలాడుతూనే బట్టలోకి వెళ్లి, రెట్టింపుగా ముడుచుకుని, తేమను పట్టుకుని కూర్చుంటుంది. తొడల దాకా ఎక్కించిన తరువాత వెల్లకిలా పడుకుంటే చర్మం దానంతట అదే పొట్ట మీదికి, పక్కలకు సర్దుకుంటుంది, అప్పుడు పట్టీని పక్కటెముకల దాకా లాగి, లోపల చెయ్యి పోనిచ్చి ముడతలు సరిచేసుకోవాలి. తొడల దగ్గర కూడా చర్మాన్ని కింది నుంచి పైకి చేత్తో సవరించి బట్టను ఎక్కించాలి, లేకపోతే మోకాలి పైన ఒక ఉంగరంలా చర్మం పోగుపడుతుంది. మొదట్లో ఇది చాలా సమయం తీసుకుంటుంది, విసుగు కూడా పుట్టిస్తుంది. నడక మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తే ఈ ప్రక్రియ అంతా ఇరుకు గదిలో నిలబడి మళ్లీ చేయవలసి రావడం ఈ దుస్తుల్లో నాకు కనిపించిన అతి పెద్ద లోపం. పురుషుల కోసం ముందు తెరిపి ఉన్న రకాలు ఉన్నాయి కానీ వాటిలో చాలావరకు నడుము తక్కువ ఎత్తులోనే ఆగుతుంది, పక్కటెముకల దాకా వచ్చేవి వెతికితే గానీ దొరకవు. బరువు తగ్గిన పురుషులకూ పొట్ట మడత ఉంటుందన్న సంగతిని తయారీదారులు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

నడుస్తున్నప్పుడు తేడా మొదటి నిమిషాల్లోనే తెలుస్తుంది. పొత్తికడుపు మీద కిందికి లాగుతున్న భారం పోతుంది, అడుగు వేగం తనంతట తాను పెరుగుతుంది, ఆ భారాన్ని సరిచూసుకోవడానికి ముందుకు వంగి నడిచే అలవాటు ఉన్నవారి వెన్ను నిటారవుతుంది. మెట్లు దిగేటప్పుడు, ఎత్తు నుంచి పల్లానికి నడిచేటప్పుడు చర్మం ఊపు అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తుంది, అక్కడే వీటి విలువ బాగా అర్థమవుతుంది. తొడల ఒరిపిడి పూర్తిగా ఆగిపోయింది. దూరపు నడకలకు ముందు రాసుకునే పెట్రోలియం జెల్లీ అవసరం ఇప్పుడు పై అంచు దగ్గర, రొమ్ముల కింద, చంకల దగ్గర మాత్రమే ఉంటోంది. వదులు చర్మం ఉన్న ఒంటితో నలుగురిలో నడవడానికి సంకోచపడేవారికి దీని వల్ల కలిగే నిబ్బరాన్ని తక్కువ చేసి చూడను. చొక్కా కింద ఏదీ కదలడం లేదన్న నమ్మకంతో నడిచే మనిషి చూపు తన పొట్ట మీద కాకుండా దారి మీద ఉంటుంది.

తేమ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. మడతల్లో వేడి, చెమట, ఒరిపిడి కలిసినప్పుడు వచ్చే ఎర్రని మంటను వైద్యులు ఇంటర్‌ట్రిగో అంటారు. దాని మీద కాండిడా అనే శిలీంధ్రం చేరితే దురద, చుట్టూ చిన్న చిన్న ఎర్రని చుక్కలు, వాసన మొదలవుతాయి. మధుమేహం ఉన్నవారిలో ఇది త్వరగా వస్తుంది, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. టైట్స్ చర్మపు మడతలను విడదీసి ఉంచినంతవరకు ఈ సమస్యను తగ్గిస్తాయి, తడిసిన తరువాత కూడా ఒంటి మీదే ఉంచుకుంటే పెంచుతాయి. అందువల్ల వీటిని నడక సమయానికే పరిమితం చేయడం, నడక అయిన వెంటనే విప్పడం, మడతలను కడిగి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది, గాలి తగిలేలా కొంతసేపు వదిలేయడం అవసరం. ఎర్రబారడం మొదలైతే జింక్ ఆక్సైడ్ పూత చర్మానికి అడ్డుగోడలా పనిచేస్తుంది. శిలీంధ్రం చేరినట్టు అనిపిస్తే క్లోట్రిమజోల్ లాంటి శిలీంధ్రాన్ని అణిచే మందు కావాలి, చర్మం పగిలి రసి కారినా, ఎరుపు వేగంగా పాకినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి. ఆ స్థితిలో ఉన్న చర్మం మీద ఈ బట్టను ఎక్కించకూడదు.

వీటిని వాడకూడని వారు కూడా ఉన్నారు. కాళ్లకు రక్తం తీసుకువెళ్లే ధమనులు ఇరుకైనవారు వైద్యుల అనుమతి లేకుండా ఒత్తిడి దుస్తులు ధరించకూడదు. ఆమ్లం గొంతులోకి ఎగదన్నే సమస్య ఉన్నవారికి పొట్ట మీద పడే ఒత్తిడి ఆ బాధను పెంచుతుంది, వారికి నడుము తక్కువ ఎత్తులో ఉన్న రకమే నయం. తొడ బయటి వైపు మొద్దుబారినట్టు, మండినట్టు అనిపిస్తే గజ్జల దగ్గర నరం నలుగుతోందని అర్థం చేసుకుని పెద్ద సైజుకు మారాలి. బిగువు తగ్గిస్తే సాధారణంగా ఆ తిమ్మిరి పోతుంది. వైద్య అవసరానికి వాడే ఒత్తిడి మేజోళ్ల మీద ఎంత ఒత్తిడి పడుతుందో పాదరస మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది, సాధారణంగా 15 నుంచి 20, లేదా 20 నుంచి 30 అన్న శ్రేణుల్లో. వ్యాయామం కోసం అమ్మే టైట్స్‌లో చాలావాటి మీద అలాంటి అంకె ఏదీ ఉండదు కనుక కాళ్ల వాపుకు, ఉబ్బిన సిరలకు వీటిని మందుగా భావించడం సరికాదు.

ఉతకడంలో చూపే శ్రద్ధను బట్టి వీటి ఆయుష్షు ఉంటుంది. స్పాండెక్స్‌ను వేడి, క్లోరిన్ కలిసిన బ్లీచ్ పాడు చేస్తాయి, బట్టలను మెత్తబరిచే ద్రవాలు చెమటను బయటికి లాగే గుణాన్ని తగ్గిస్తాయి. చల్లటి నీళ్లలో లోపలి వైపు బయటికి తిప్పి ఉతికి, పిండకుండా నీడలో ఆరబెట్టాలి. తడి పూర్తిగా ఆరని జతను వేసుకోవడం కన్నా పెద్ద హాని లేదు కాబట్టి రెండు జతలు ఉండటం విలాసం కాదు. నడుము పట్టీ నడకలో జారడం మొదలైందంటే ఆ జత పని అయిపోయినట్టే.

వీటితో పాటు అమ్మే, చర్మాన్ని బిగువు చేస్తాయని చెప్పే కొల్లాజెన్ క్రీముల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రెండూ కలిపి కొంటే ఫలితం రెట్టింపవుతుందని ప్రకటనలు చెబుతాయి. కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 3,00,000 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల బరువును కొలిచే ప్రమాణం). 500 డాల్టన్లకు మించిన అణువులు ఆరోగ్యకరమైన చర్మం పై పొరను దాటి లోపలికి వెళ్లడం చాలా కష్టం. చర్మానికి పూసిన కొల్లాజెన్ దాన్ని తేమగా, మెత్తగా ఉంచుతుంది తప్ప లోపలి పోగుల్లో చేరదు. ఒరిపిడికి పొడిబారే చర్మానికి తేమ మంచిదే, దానికి సాదా లేపనం చాలు. క్రీము మీద పెట్టే శ్రద్ధను కండరాల మీద పెడితే కొంత కనిపించే ఫలితం ఉంటుంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మితమైన వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయమంటాయి. తొడల్లో, భుజాల్లో, పిరుదుల్లో కండ పెరిగితే చర్మం కింద కొంత చోటు నిండుతుంది, టైట్స్ కూడా ఒంటి మీద బాగా కూర్చుంటాయి. పొట్ట మీద వేలాడే పెద్ద మడతకు ఇది చాలదు.

అంత పెద్ద మడతకు శస్త్రచికిత్స ఒక్కటే దారి. వేలాడే చర్మాన్ని, దానితో ఉన్న కొవ్వును తొలగించేది పానిక్యులెక్టమీ. పొట్ట కండరాలను బిగించి, బొడ్డును కొత్త చోట అమర్చేది అబ్డామినోప్లాస్టీ. తుంటి నుంచి తుంటి దాకా మచ్చ ఉండిపోతుంది, గాయం కింద ద్రవం చేరడం, కుట్లు విడిపోవడం వంటి ఇబ్బందులు రావచ్చు, పొగతాగేవారు కొన్ని వారాల ముందే మానేయవలసి ఉంటుంది. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చాలామంది సర్జన్లు దీనికి ఒప్పుకుంటారు. ఆ నిలకడ కోసం నడుస్తూ ఎదురుచూస్తున్నవారికి, శస్త్రచికిత్స వద్దనుకుని ఈ చర్మంతోనే బతకాలని నిశ్చయించుకున్నవారికి నేను ఈ టైట్స్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. శస్త్రచికిత్స చేయించుకున్నవారు మాత్రం గాయం మానే రోజుల్లో వీటిని వాడకూడదు. అప్పుడు కావలసినవి ముందు వైపు కొక్కేలతో పూర్తిగా తెరుచుకునే వేరే రకం ఒత్తిడి దుస్తులు, వాటి సైజును, ఎన్ని వారాలు ధరించాలన్నదాన్ని సర్జనే నిర్ణయిస్తారు.